ముందు తిట్టాలె

కాలేజీల్లో తెలుగు చెప్పడానికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అసలు సంగతి అడుగుతారు. "మేడం, సాహిత్యం పాఠం పిల్లలు వినేట్టు ఎట్లా చెప్పాలి?" నాకు తెలిస్తే కదా! నా ఉద్యోగమంతా సోలాపూర్‌లో ఒకే కాలేజీలో గడిచింది. కిటికీ అవతల సాంచాలు నడిచేవి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. నా పాఠంలో సగం సాంచాలు మింగేవి, మిగిలిన సగం ఆవలింతలు మింగేవి. అందుకని సలహా అడిగినవాళ్లకు ఒక అత్తా కోడళ్ల కథ చెప్పి పంపిస్తుంటాను. మీకూ అదే చెప్తాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. అత్త ఎలాగూ లేదు, కోడలు ఊరుకోదు.

ముందు మా పిల్లల సంగతి తెలియాలి. మా తాతలు తెలంగాణ నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చాలామందికి కాలేజీకి వచ్చాకే పరిచయం. తెలుగు ఎందుకు తీసుకున్నావని అడిగితే "ఇంట్ల మాట్లాడెటిదే గద మేడం, ఈజీ ఉంటదనుకున్న" అనేవారు. పాత పద్యం బోర్డు మీద రాయగానే ఆ నమ్మకం ఎగిరిపోయేది. "ఇది ఏ ఊరి తెలుగు మేడం?" అని ఒకసారి ఒకడు నిజంగానే అడిగాడు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు సిలబస్‌లో ప్రాజెక్టు పని వచ్చిపడింది. స్టాఫ్ రూమ్‌లో అందరూ నెత్తి కొట్టుకుంటే నాకు మాత్రం సంబరమైంది. చదవడం, రాయడం ఎప్పుడూ ఉన్నవే. చేతులు పెట్టి చేసే పని మా సబ్జెక్టుకూ వచ్చిందని పొంగిపోయాను. చివరి సంవత్సరం పిల్లలకు చెప్పాను: "మీ ఇంట్లో పుట్టిన సాహిత్యం ఏదన్నా పట్టుకోండి. ఎవరు పాడతారు, ఎప్పుడు పాడతారు, ఎందుకు పాడతారు, చూడండి. ఊరికే విని రాయడం కాదు. మీరూ చేసి చూడండి." చేసి చూడమన్న ఆ మాటే తర్వాత నా పీకకు చుట్టుకుంది.

ఆ క్లాసులో ఒక పెళ్లయిన పిల్ల ఉండేది. విడీ ఘర్కుల్ నుంచి వచ్చేది. బీడీలు చేసే ఆడవాళ్ల కోసం కట్టిన కాలనీ అది. పొద్దున్నే బీడీలు చుట్టి, వంట చేసి, సిటీ బస్సెక్కి క్లాసుకు వచ్చేది. పాఠం వింటున్నప్పుడు కూడా ఆమె వేళ్లు ఒడిలో ఆకు చుడుతున్నట్టే కదులుతుండేవి. భర్త సాంచా మీద తువ్వాళ్లు నేసేవాడు. మామ లేడు. ఇంటికి పెద్ద అత్త. కోడలి చదువు ఉండాలన్నా ఊడాలన్నా ఆమె నోటి మాట మీదే.

ఆ అత్తకు కాలనీ అంతటా ఒక పేరుంది. శోకం తీయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. చావు జరిగిన ఇంట్లో మా ఆడవాళ్లు ఊరికే ఏడవరు. రాగం పెట్టి, పోయిన మనిషితో మాట్లాడతారు, అడుగుతారు, గుర్తు చేస్తారు. గుమ్మంలోకి కొత్త మనిషి రాగానే "మీ తమ్ముడొచ్చిండే, లేసి మంచినీళ్లియ్యవే" అని పోయినవాళ్లకు కబురు చెప్తారు. అట్లా పిలిపించుకున్న మనిషి వచ్చి మెడ పట్టుకొని బదులు ఎత్తుకోవాలి. చదువుకున్న నాలాంటి వాళ్లకు మినహాయింపు ఉండేది. మా అమ్మ పోయినప్పుడు పిన్ని "నీ పెద్దబిడ్డ వచ్చిందే" అని ఎత్తుకుంటే నేను చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డాను. ఎవరూ ఏమనలేదు. "సదువుకున్నది గద, దానికేడ వస్తది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కోడలు తన ప్రాజెక్టుకు అత్త శోకాలనే ఎంచుకుంది. నాకు చెప్పలేనంత ఆనందమైంది. ఇంటికి పోయి అత్తను అడిగిందట, ఒక శోకం పాడితే రాసుకుంటానని. బీడీ ఆకు కోస్తున్న అత్త చేతిలో కత్తెర అట్లాగే ఆగిపోయిందట.

"ఉగీచ్, ఉత్తగనే ఎవరన్న శోకం తీస్తరా? దీపం వెట్టుకునే ఇంట్ల? ఎవరు సచ్చిన్రని తియ్యాలె?"

పిల్ల నా దగ్గరికి వచ్చి దిగులుగా చెప్పింది. నేనూ ఒక ఇంటి కోడలినే, ఊరికే శోకం తీస్తే కీడన్న ఆ భయం నాకు తెలియనిది కాదు. అయినా మేడం అన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా! "ఇన్నేళ్లుగా వింటున్నావు కదమ్మా. గుర్తున్నంత వరకు నువ్వే ఎత్తుకొని చూడు. రాగం పట్టుబడితే మాటలు వాటంతట అవే వస్తాయి" అన్నాను. పిల్ల తలూపి వెళ్లింది. మా పిల్లల్లో చెప్పినమాట వినేవాళ్లు తక్కువ. ఆ ఒక్కతే వినాలా!

తర్వాత జరిగింది నేను నలుగురి నోటా విన్నాను, ఎవరి వాటా వాళ్లు కలిపి చెప్పారు. ఆ రోజు అత్త చేసిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. భర్త పనిలో ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు, ఇదే సమయమని కోడలు తలుపు దగ్గరేసి, గోడ వైపు తిరిగి కూర్చొని, సన్నగా ఎత్తుకుంది. ఎవరి మీద తీయాలి? ఎప్పుడూ ఎదురుగా ఉండే మనిషి అత్తే. "అత్తమ్మో" అని మొదలుపెట్టింది. మొదట సన్నగానే ఉందట. రాగం పట్టుబడ్డాక గొంతు దానంతటదే లేచింది.

విడీ ఘర్కుల్‌లో గోడకు గోడ ఆనుకొని ఉంటుంది. పక్కింటావిడ బీడీల చాట పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది. వెనుక ఇంకొకావిడ. ఎదురింటి మరాఠీ ఆవిడ "కాయ్ ఝాలం? కోణ్ గేలం?" అంటూ వచ్చింది. ఎవరు పోయారో వేరే చెప్పాలా, "అత్తమ్మో" అని వినబడుతూనే ఉంది. కార్ఖానాకు పోయిన మనిషి దారిలో ఏ లారీ కిందనో పడిందని తీర్మానమైపోయింది. ఒకరు కొడుక్కి ఫోన్ చేశారు. ఒకరు చుట్టాలకు చేశారు. ఇంకో పెద్దమనిషి చావు బాజా వాళ్లకు కూడా చేశాడు. కోడలు తలుపు తీసి "లేదు లేదు, ఇది కాలేజి పని" అంటుంటే ఎవరు వింటారు? పాపం దుఃఖంలో మతి పోయిందని ఇద్దరు పట్టుకొని కూర్చోబెట్టారు.

ఇంతలో అత్త ఆటో దిగింది. గల్లీ చివరి నుంచి చూస్తే తన ఇంటి ముందు జనం. ఆడవాళ్ల ఏడుపు. ఆమెకు కొడుకు గుర్తొచ్చాడు. సాంచా పట్టా తగిలి పోయినవాళ్ల ఇళ్లలో ఆమె శోకం తీసి ఉంది. చేతిలోని సంచి అక్కడే వదిలేసి, గల్లీ మొదటి నుంచే కొడుకు మీద శోకం ఎత్తుకొని నడిచి వచ్చింది. చచ్చిపోయిందని జనం ఏడుస్తున్న మనిషి తానే ఏడ్చుకుంటూ రావడం చూసి ముందు వరసలో వాళ్లు కేక పెట్టారట. అప్పుడే కొడుకు బండి మీద వచ్చాడు, కళ్లనిండా నీళ్లతో. తల్లిని చూసి వాడు, వాణ్ని చూసి తల్లి, రోడ్డు మీద ఒకరినొకరు పట్టుకొని కూలబడ్డారు. ఆ వచ్చేటప్పుడు ఆమె ఏమని ఏడ్చిందో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. ఎందుకు రాయనో కాస్త ముందుకు పోతే తెలుస్తుంది.

నవ్వు వస్తుంది కదా? స్టాఫ్ రూమ్ కూడా బాగానే నవ్వింది. నా పక్క కుర్చీలో కూర్చునే మరాఠీ మాస్టారు, మంచి మనిషే గానీ నోరు ఊరుకోదు, "మేడం, సైన్సు వాళ్ల ప్రాక్టికల్స్‌కి లాబొరేటరీ ఉంటుంది, మీకు స్మశానమా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ పిల్ల మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. స్నేహితురాలితో కబురు వచ్చింది: కాలేజీ మాన్పించారు.

పరీక్షలకు కొన్ని నెలలే ఉన్నాయి. డిగ్రీ చేతికొచ్చే ముందు ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టిన పెళ్లయిన పిల్లలను నేను చూడలేదు. ఆటో మాట్లాడుకొని విడీ ఘర్కుల్ పోయాను.

ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. కోడలు తల వంచుకొని ఆకు కత్తిరిస్తోంది. కొడుకు కుర్చీ వేసి, కూర్చోకముందే చెప్పేశాడు. "బస్ మేడం. ఇగ కాలేజి వద్దు. నాకు ఫోన్ వచ్చినప్పుడు చేతులల్ల బండి నిలవలే. అట్లాంటి సదువు మాకొద్దు."

అతని మాటలో తప్పేమీ లేదు. నేను అత్త వైపు చూశాను. ఆమె చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూడలేదు.

"మీరు ఏ పేటల ఉంటరు?" అంది చివరికి. చెప్పాను. ఇంటిపేరు అడిగింది. చెప్పాను. మా మేనత్తది వాళ్ల తాలూకానే అని తేలింది. ఆ తర్వాత మీరు పోయి నువ్వు వచ్చింది. "ఊకె చేతులు ముడుసుకొని ఏం కూసుంటవు, జెర ఆకు పట్టు" అని ఒక చాట నా ఒడిలో పెట్టింది. నేను చుట్టిన బీడీ ఒక వైపు లావుగా, ఇంకో వైపు ఖాళీగా వచ్చింది. దాన్ని పైకెత్తి కొడుక్కి చూపించి ఆమె నవ్వింది. ఇక పర్వాలేదని నాకు ఊపిరి వచ్చింది. ఊపిరి తొందరపడిందని తర్వాత తెలిసింది.

"నీకు ఎరికేనా," అంది నవ్వు ఆపి. "ఆ గల్లీ అంత నడిసినంత సేపు నా కొడుకు సచ్చిండు. నిజంగనే సచ్చిండు నాకు. నువ్వు సారీ అంటె ఆ గల్లీ పోతదా?"

నేను సారీ చెప్పడానికే వచ్చాను. ఆ మాట మానేసి ఇంకో ఆకు తీసుకున్నాను.

ఆమే మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గొంతులో కోపం వేరే రకంగా ఉంది. "అది పోనీ. నా మీద ఎట్ల తీసిందో తెల్సా ఈ పిల్ల? పక్కింటామె మొత్తం జెప్పింది. దేవత అన్నదంట నన్ను. ఇంకోటి ఏందో... త్యాగమూర్తి. అంటె ఏంది మేడం?"

త్యాగమూర్తి మా క్లాసు సరుకు. వ్యాసాల్లో నేనే రాయించాను. చెప్పాను, ఇతరుల కోసం అన్నీ వదులుకున్న మనిషి అని.

"నేనేం వదులుకున్న? ఏం వదల్లే. కార్ఖానల బీడీలు బాగలేవని పక్కకు వడేస్తె వాళ్లతోని కొట్లాడిన. నల్ల నీళ్ల కాడ కొట్లాడిన. దీంతోని రోజు కొట్లాడుత. చాయ్ జెర సల్లారితె అలుగుత. గవన్ని ఏమాయె? నేను సస్తె ఇట్లనేనా నన్ను సాగనంపేది, సప్పగ? సచ్చినోళ్లను ముందు తిట్టాలె. నన్ను ఇడిసి ఎట్ల పోతివి, గా పని ఎట్ల సగం జేసి పోతివి అని కొట్లాడాలె. తిడితెనే మనిషి కండ్ల ముందట నిలవడ్తది. అప్పుడు ఏడుపు దానంతట అది వస్తది."

కోడలు తలెత్తింది. "మరి నేర్పరాదు అత్తమ్మ," అంది.

కొడుకు "అరే!" అన్నాడు. అత్త వాణ్ని చెయ్యెత్తి ఆపింది. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమెకు కూతుళ్లు లేరు. తాను పోయిన రోజు ఆ ఇంట్లో మొదట ఎత్తుకోవలసింది ఈ పిల్లే. ఆ సంగతి ఆమెకు అప్పుడే కొత్తగా తట్టిందని నాకనిపించింది.

"ఇంట్ల నేర్పేది గాదు. ఎవరన్న పోతె నా ఎంబడి రావాలె. నా పక్కన కూసోవాలె. నోరు తెరిస్తె గట్టిగ తెరవాలె, లేకుంటె ఊకోవాలె. ఆ ఫోను ఇంట్ల వెట్టి రావాలె," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "దీన్ని పంపుత కాలేజికి. కని ఒక్కటి. నేను పోయిన నాడు నన్ను సప్పగ సాగనంపితె, నిన్నే అడుగుత మేడం."

సరేనన్నాను. మనిషి పోయాక ఎట్లా అడుగుతుందని అప్పుడు తోచలేదు.

ఆ పిల్ల మళ్లీ క్లాసుకు వచ్చింది. మధ్యమధ్యలో కనబడేది కాదు. ఎవరో పోయారని, అత్త వెంట వెళ్లిందని తెలిసేది. ఒక చిక్కు మాత్రం ఉండేది. చావింటి నుంచి వచ్చి తలారా స్నానం చేసేదాకా పుస్తకం ముట్టకూడదు. పెన్ను ముట్టకూడదు. నీళ్లు పోసుకొని, బట్టలు పిండుకొని, దీపం పెట్టి కూర్చునేసరికి విన్నదాంట్లో సగం పోయేది. "ఏం మిగులుతుందమ్మా?" అని అడిగాను ఒకసారి దిగులుగా. "తిట్లు మిగుల్తయి మేడం," అంది. "పొగిడినయి అన్ని నీళ్లల్ల కొట్టుకపోతయి."

మొదట మరాఠీ అక్షరాల్లో గబగబా రాసుకునేది, చెయ్యి ఆ లిపిలోనే వేగంగా నడుస్తుంది గనుక. తర్వాత తెలుగులోకి తీరిగ్గా దించేది. రాసింది అత్తకు చదివి వినిపించేది. అందులోనూ పెద్ద చర్చ జరిగిందట, ఇంట్లో చదవొచ్చా లేదా అని. చివరికి అత్త తీర్పు చెప్పింది: "రాగం తియ్యకుంటె సాలు. సదివితె అది ఉట్టి ముచ్చటే." వింటూ వింటూ "నేను గట్ల అనలె" అని అడ్డం పడేది. కోడలు అన్నావనేది. ఇద్దరూ వాదించుకునేవారు. క్లాసులో నేను ఎంత మొత్తుకున్నా రాని పాఠచర్చ ఆ ఇంట్లో బీడీ చాటల మీద నడిచింది.

ఒక్కటి మాత్రం అత్త చింపించేసింది. గల్లీలో కొడుకు మీద తీసిన శోకం. కోడలు దాన్ని ఒక్క ముక్క పోకుండా రాసి పెట్టుకుంది, ప్రాజెక్టులో అదే అన్నిటికంటే గొప్పది. "బతికున్నోని మీద శోకం కాయిదం మీద ఉండొద్దు" అంది తల్లి. నేను అప్పటికే చదివేశాను. చదివినందుకే నాకు తెలుసు. వాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, చల్లగా ఉండాలి. అందుకే ఇక్కడ రాయలేదు.

పరీక్ష రోజు తెలంగాణ వైపు నుంచి బయటి పరీక్షకులు వచ్చారు. పద్ధతి గల మనిషి. పిల్ల రాసింది శ్రద్ధగా తిరగేశారు. "రికార్డింగు ఏది?" అన్నారు. లేదంది. "మరి ఇవి నిజంగా పాడినవేనని ఎట్లా నమ్మాలి? సరే, రాగం పెట్టి ఒక్క చరణం వినిపించు. ప్రదర్శనకు మార్కులున్నాయి."

పిల్ల నా వైపు చూసింది. మా మరాఠీ మాస్టారు తలుపు దగ్గర నిలబడి పాడేయమని సైగ చేస్తున్నాడు. నాకూ అదే నోటిదాకా వచ్చింది. పాడితే ఏం పోయింది, నాలుగు గోడల కాలేజీ, ఒక్క చరణం. ఈ మార్కులు పోతే పాసవడం అనుమానమే. అయినా పాడమనడానికి నాకు ధైర్యం చాలలేదు.

"సార్," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "మా అత్తమ్మ బతికున్నది. మీ ఇంట్ల కూడ అందరు మంచిగుండాలె. ఈడ ఎవరు పోయిన్రని తియ్యాలె సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాగితాలు ఆమె వైపు జరిపారు. "సరే, ఊరికే చదువు," అన్నారు. చదివింది. చదువుతుంటే ఆయన మధ్యలో ఆపలేదు. ప్రదర్శన గడిలో మాత్రం సున్న పెట్టారు, రూలు రూలే. రాతలో బాగా వేయడం వల్ల పిల్ల గట్టెక్కింది.

ఫలితాలు వచ్చిన రోజు అత్త స్వయంగా కాలేజీకి వచ్చింది, స్టీలు డబ్బాలో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు చేసుకొని. స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి అడిగింది. "మేడం, నా శోకం పాసయిందా?" మా మరాఠీ మాస్టారు లేచి నిలబడి ఆమెకు తన కుర్చీ ఇచ్చాడు. ఆ రోజు ఆయన జోకులేమీ వేయలేదు. తిరగలి దగ్గర వాళ్ల నానమ్మ పాడిన పాటలు తనకు ఒక్కటీ రావని మాత్రం చెప్పాడు.

నేను రిటైరయ్యాను. వాళ్లు విడీ ఘర్కుల్ వదిలి కుంభారి దగ్గర కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నారు. కోడలు బీడీలు తగ్గించి సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతోందని, తెలుగు అక్షరాలు కూడా దిద్దిస్తోందని విని సంతోషించాను. అప్పుడప్పుడు ఫోన్‌లో అత్త గొంతు వెనక నుంచి వినబడేది, ఎవరితోనో కొట్లాడుతూ.

ఈ మధ్య ఒక పొద్దున కోడలి నుంచి మెసేజ్ వచ్చింది. "అత్తమ్మ పోయింది మేడం." అంతే ఉంది.

కుంభారి బస్సు దిగి లోపలికి నడిచాను. ఆ కాలనీ ఎప్పుడన్నా చూశారా? వరసల మీద వరసలు, అన్నీ ఒకే రంగు, ఒకే కిటికీ, ఒకే తలుపు. ఏ వరసలో వాళ్ల ఇల్లో నాకు గుర్తులేదు. పాత పేటల్లో చావిల్లు వెతుక్కునే పని ఉండదు, శోకం వినబడిన దిక్కుకు పోవడమే. నిలబడి చెవులు రిక్కించి విన్నాను. ఎక్కడో మిక్సీ తిరుగుతోంది. ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. ఏడుపు లేదు. ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఒక సందు తప్పిపోయి, చివరికి గుమ్మం ముందు చెప్పులు చూసి పట్టుకున్నాను.

లోపల పడుకోబెట్టి ఉంది. పసుపు రాశారు. కొత్త ఇరుగుపొరుగు గోడల వెంట మర్యాదగా నిలబడి ఉన్నారు. విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన ఇద్దరు ముసలమ్మలు కొంగులు నోటికి పెట్టుకొని కూర్చున్నారు, ఇంటి మనిషి ఎత్తుకోకుండా వాళ్లు ఎత్తుకోరు. కొడుకు బయట పనుల మీద ఉన్నాడు. కోడలు కాళ్ల దగ్గర కూర్చొని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. చేతుల్లో ఖాళీ చాట పట్టుకొని ఉంది, ఎందుకు పట్టుకుందో తనకే తెలిసినట్టు లేదు.

పక్కన కూర్చున్నాను. "వస్తలేదు మేడం," అంది గుసగుసగా. "ఎంతమందికి తీసిన. ఈమెకు వస్తలేదు. గొంతుల ఏదో అడ్డం వడ్డది. సప్పగ పోతున్నది మేడం, నా అత్తమ్మ సప్పగ పోతున్నది."

నిన్నే అడుగుత మేడం అన్న మనిషి ఎదురుగానే ఉంది. ఇంటి మనిషికి రాకపోతే మాట ఇచ్చిన మనిషి ఎత్తుకోవాలి. ఇచ్చింది నేను. ఈసారి చేతిరుమాలు సంచిలోనే ఉంచాను. నోరు తెరిచాను. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఆ శోకాలను ప్రాజెక్టుగా రాయించిన మనిషిని, ఏమన్నానో తెలుసా?

"దేవతలాంటి తల్లీ..." అన్నాను.

రాగం కూడా కుదరలేదు. గోడ దగ్గర ఎవరో దగ్గారు. కోడలు తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ముందు ఆశ్చర్యం, తర్వాత నిజంగా కోపం.

"అట్ల కాదు మేడం," అంది. "ముందు తిట్టాలె."

అని చాటతో నేల మీద కొట్టింది.

"చాయ్ సల్లారిందని అలిగి పోతివా అత్తమ్మో, మల్ల కాసి తెచ్చేదాక ఆగవైతివే అత్తమ్మో! చాట యాడిదే పిల్లా అని ఇల్లంత లేపితివి, చాట ఈడనే ఉన్నది, నువ్వు యాడికి వోతివే అత్తమ్మో! ఊరందరికి నువ్వు ఏడిస్తివి, నీకు ఏడ్సెటందుకు నా గొంతు ఎండవెడ్తివా అత్తమ్మో..."

ముసలమ్మలిద్దరూ ఒక్కసారిగా అందుకున్నారు. కోడలు నా మెడ పట్టుకుంది. ఆ పిల్ల ఒళ్లంతా వణుకుతోంది, గొంతు మాత్రం వణకడం లేదు.

"మేడం వచ్చిందే అత్తమ్మో, సక్కగ ఏడ్వరాని మేడం వచ్చిందే! ఊరందరికి సదువు జెప్పి ఒక్క శోకం రాకపాయె, లేసి నేర్పవే అత్తమ్మో!"

ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినచోటనే అడ్డం తొలగింది. పిలిచాక బదులివ్వకపోతే ఎట్లా? తిట్టాను. "నా ఒళ్లె చాట వెట్టి, నా బీడీ సూసి నవ్వితివి గదనే! రెండో బీడీ నేర్పకనే పోతివి గదనే!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె కోసం ఏడ్చాను. మా అమ్మ కోసం కూడా అందులోనే ఏడ్చాను.

ఎంతసేపైందో తెలియదు. గుమ్మంలోకి ఒక పెద్దావిడ వచ్చింది, దూరపు చుట్టం, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది. చెప్పులు విడుస్తూ వెనకవాళ్లతో అంటోంది.

"అన్ని ఇండ్లు ఒక్క తీరున్నయి, ఎట్ల దొరుకుతదో అని రంది పడ్డ. శోకం ఇనవడ్డది, సీద ఈడికే వచ్చిన."

నేను కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాను.